సహజ వాయువు: భారత ఇంధన, వాతావరణ విధానాల్లో దాని స్థానం

సహజ వాయువులో ప్రధానంగా ఉండేది మీథేన్. భూమి పొరల్లో, సముద్ర గర్భంలో ఒకచోట చమురుతో కలిసి, ఇంకోచోట విడిగా దొరుకుతుంది. మండిస్తే బూడిద మిగలదు, గంధకం పొగ దాదాపుగా ఉండదు. అంతే వేడికి బొగ్గు వదిలే కార్బన్ డయాక్సైడులో సుమారు అరవై శాతం మాత్రమే వదులుతుంది. బొగ్గు నుంచి ఎండకూ గాలికీ మారే దారిలో గ్యాస్ ఒక వంతెన అన్న మాట ఈ గుణం వల్లే పుట్టింది. అమెరికాలో షేల్ గ్యాస్ చవకగా పొంగుకొచ్చి బొగ్గు కేంద్రాలను మూయించింది కాబట్టి అక్కడ ఆ మాట చాలావరకు నిజమైంది. మన దేశంలో కాలేదు. ఇక్కడ విద్యుదుత్పత్తిలో గ్యాస్ వాటా రెండు మూడు శాతం, బొగ్గు వాటా డెబ్బై శాతానికి పైన. దేశం వాడే మొత్తం ప్రాథమిక ఇంధనంలో గ్యాస్ ఆరేడు శాతం ఉంటే ప్రపంచ సగటు 23 శాతం దరిదాపుల్లో ఉంది. 2030 నాటికి దీన్ని 15 శాతానికి పెంచాలని కేంద్ర ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది.

ఆ లక్ష్యం ఎందుకు ఇంత దూరంగా ఉందో తెలియాలంటే గ్యాస్ మన దేశంలో ఎక్కడ పడింది, ఎంతకు దొరికింది, దొరికినదాన్ని ముందు ఎవరికిచ్చారు అన్న మూడు సంగతులు చూడాలి. వాతావరణం గురించిన ఆలోచన వీటి తరవాతే వచ్చింది.

ముందుగా పేర్ల సంగతి. ఇంట్లో ఎర్ర సిలిండరులో ఉండేది సహజ వాయువు కాదు. అది ప్రొపేన్, బ్యూటేన్ల మిశ్రమమైన ఎల్‌పీజీ. వీధి గొట్టం నుంచి పొయ్యికి వచ్చే పీఎన్‌జీ, ఆటోల్లో కొట్టించుకునే సీఎన్‌జీ, ఓడల్లో దిగే ఎల్‌ఎన్‌జీ మాత్రం ఒకే సరుకు. మామూలు ఒత్తిడిలో గొట్టంలో పోతే మొదటిది, గట్టిగా కుదించి సిలిండరులో నింపితే రెండోది, మైనస్ 162 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరచి ద్రవంగా మారిస్తే మూడోది. ద్రవమైనప్పుడు దాని ఘనపరిమాణం ఆరువందలో వంతుకు తగ్గుతుంది. సముద్రాలు దాటించగలుగుతున్నది అందుకే.

మంట నుంచి గొట్టంలోకి

బొగ్గును లారీకెత్తవచ్చు, చమురును పీపాలో పోయవచ్చు. గ్యాసుకు గొట్టం ఉంటేనే విలువ. గొట్టం లేని కాలంలో చమురుతో పాటు బయటికొచ్చిన గ్యాసును బావి దగ్గరే తగలబెట్టేవారు. అస్సాంలో దశాబ్దాల పాటు అదే జరిగింది. 1974లో బొంబాయి హై బయటపడ్డాక, దాని పక్కనే బసీన్‌లో పెద్ద గ్యాస్ నిల్వ తేలాక ఇక తగలబెట్టడానికి మనసొప్పే స్థితి పోయింది. 1984లో గెయిల్ ఏర్పడింది. గుజరాత్‌లోని హజీరా నుంచి మధ్యప్రదేశ్‌లోని విజయ్‌పూర్ మీదుగా ఉత్తరప్రదేశ్‌లోని జగదీశ్‌పూర్ దాకా హెచ్‌వీజే గొట్టం వేశారు. దాని వెంట ఎరువుల కర్మాగారాలు వరసగా లేచాయి. దేశంలో గ్యాస్ మొదటి పని ఏమిటన్నది అక్కడే తేలిపోయింది: విద్యుత్తు కంటే ముందు యూరియా.

ఈ గొట్టం పడమర నుంచి ఉత్తరానికి పోయింది. దక్షిణానికి అలాంటిది చాలా కాలం రాలేదు. గుజరాత్‌లో ఇళ్లకూ కర్మాగారాలకూ గ్యాస్ మామూలు సరుకైన రోజుల్లో హైదరాబాదుకు అది కొత్త. దేశమంతా పరుచుకున్న గొట్టాల పొడవు ఇప్పుడు పాతిక వేల కిలోమీటర్ల చేరువలో ఉంది. ఎంత దూరం తెస్తే అంత రవాణా ఖర్చు పడే పాత పద్ధతిని సడలించి, అనేక గొట్టాలను కలిపి ఏకీకృత సుంకం వసూలు చేసే విధానాన్ని నియంత్రణ బోర్డు పీఎన్‌జీఆర్‌బీ 2023 ఏప్రిల్ నుంచి అమల్లో పెట్టింది. బావులకు దూరంగా ఉన్న రాష్ట్రాలకు ఇది ఎప్పుడో జరగవలసిన న్యాయం.

కోనసీమ

కృష్ణా గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ 1970ల చివర్లో నర్సాపురం దగ్గర తవ్వకాలు మొదలుపెట్టింది. తరవాతి దశాబ్దంలో రాజోలు, తాటిపాక ప్రాంతాల్లో గ్యాస్ బావులు వరసగా పడ్డాయి. కోనసీమలో రోడ్డు మీద పోతుంటే కొబ్బరితోటల మధ్య కంకర పోసిన చదును కనిపిస్తుంది. చుట్టూ కంచె, నడుమ మనిషి ఎత్తును మించిన ఇనుప కవాటాల గుత్తి. దాన్ని ఈ పనిలో ఉన్నవాళ్లు క్రిస్మస్ ట్రీ అంటారు. అక్కడ చప్పుడుండదు, పొగ ఉండదు. కింది పొరల్లోని ఒత్తిడిని ఆ కవాటాలే పట్టి ఉంచుతాయి. బావి నుంచి వచ్చేది పొడి గ్యాస్ కాదు. దానితో నీరూ, కండెన్సేట్ అనే తేలిక నూనే కలిసి వస్తాయి. కలెక్షన్ స్టేషనులో వాటిని వేరు చేసి, ఆరబెట్టిన గ్యాసును మాత్రమే పెద్ద గొట్టంలోకి వదలాలి.

ఈ చిన్న సంగతి మీద ఎన్ని ప్రాణాలు ఆధారపడి ఉంటాయో 2014 జూన్ 27న నగరం గ్రామంలో తెలిసింది. తెల్లవారుజామున లీకైన గ్యాస్ ఇళ్ల మధ్య పరుచుకుని ఉండగా నిప్పు తగిలింది. నిద్ర లేవకముందే ఇళ్లు తగలబడ్డాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు మొదళ్ల దాకా మాడిపోయాయి. పొడి గ్యాసు కోసం వేసిన 18 అంగుళాల గొట్టంలో తడి గ్యాస్ పోతూ ఉండటం, లోపల చేరిన నీటికి ఉక్కు తుప్పుపట్టిపోవడం విచారణలో బయటపడ్డాయి. అంతకు పంతొమ్మిదేళ్ల ముందు, 1995 జనవరి 8న, పాశర్లపూడిలో తవ్వుతున్న బావి అదుపు తప్పింది. ఆ బ్లో అవుట్ మంట 65 రోజులు ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించారు. మార్చి మధ్యలో గాని బావి మూతికి బిరడా పడలేదు.

జాతీయ ఇంధన విధానాల పత్రాల్లో గ్యాసును ‘శుభ్రమైన ఇంధనం’ అంటారు. పొగ వరకు ఆ మాట సరైనదే. పైపు ఏ వయసుదో, దానిలో ఏం పోతోందో, దాని మీద ఎవరి ఇల్లుందో కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడే ఆ మాట పూర్తిగా నిజమవుతుంది. గొట్టాల తనిఖీని భద్రతా వ్యవహారంగా పక్కన పెట్టి ఇంధన విధానాన్ని వేరుగా రాయడం తప్పని ఈ వ్యాసకర్త నమ్మకం.

డి6: ఆశ, ఎండిన కాలం

కొత్త అన్వేషణ విధానం కింద వేలంలో దక్కిన లోతు సముద్రపు డి6 బ్లాకులో, కాకినాడ తీరానికి ఆవల, 2002లో రిలయన్స్‌కు భారీ గ్యాస్ నిల్వ కనిపించింది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలై మరుసటి ఏడాదికల్లా రోజుకు సుమారు ఆరు కోట్ల ఘనపు మీటర్లకు చేరింది. అనుకున్నది ఎనిమిది కోట్లు. గాడిమొగ దగ్గర ఒడ్డెక్కే ఆ గ్యాసును దేశం ఆ కొస నుంచి ఈ కొసకు తీసుకుపోవడానికి కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ వరకు దాదాపు 1,400 కిలోమీటర్ల తూర్పు పడమర గొట్టం వేశారు. గ్యాస్ ఎవరిదన్న వివాదం రిలయన్స్ యజమానుల కుటుంబంలో మొదలై సుప్రీంకోర్టు దాకా పోయింది. 2010 మే 7 నాటి తీర్పులో, కుటుంబ ఒప్పందాలు ఎలా ఉన్నా సహజ వనరు ప్రభుత్వానిదేననీ, దాని వినియోగం, ధర నిర్ణయించే అధికారం ప్రభుత్వానికే ఉందనీ న్యాయస్థానం తేల్చింది.

అప్పటికే ఆంధ్రప్రదేశ్‌లో వేమగిరి, జేగురుపాడు, కొండపల్లి, సామర్లకోటల్లో గ్యాస్ విద్యుత్ కేంద్రాలు వెలిశాయి, ఇంకా వెలుస్తున్నాయి. గ్యాస్ మన తీరంలోనే పడింది, ఇక విద్యుత్తుకు కరువు లేదన్న ధీమాతో బ్యాంకులు అప్పులిచ్చాయి. డి6 ఉత్పత్తి 2011 నుంచి జారడం మొదలుపెట్టింది. 2013 చివరికి రోజుకు కోటిన్నర ఘనపు మీటర్ల లోపుకు పడిపోయింది. ఉన్న కొద్దిదాన్ని కేటాయింపు వరసలో ముందున్న ఎరువుల కర్మాగారాలకే ఇచ్చారు. విద్యుత్ కేంద్రాలకు చుక్క అందలేదు. సామర్లకోటలో 2,400 మెగావాట్ల కోసం తెచ్చిన టర్బైన్లు గ్యాస్ అందక పడి ఉండి, వాటిలో ఒక భాగం చివరకు బంగ్లాదేశ్‌లోని ఒక ప్రాజెక్టుకు తరలిపోయింది. దేశం మొత్తం మీద పాతిక వేల మెగావాట్ల గ్యాస్ కేంద్రాలు కడితే 14,000 మెగావాట్ల పైచిలుకు ఇలా ఊరికే నిలబడ్డాయి. 2015 నుంచి రెండేళ్లు దిగుమతి గ్యాసుకు రాయితీ ఇచ్చి కొన్నింటిని నడిపించారు. రాయితీ ఆగగానే అవీ ఆగాయి.

గ్యాస్ కేంద్రాల కోసం పెట్టుకున్న జాగాను నింపింది బొగ్గు. బొగ్గు మన నేలలో ఉంది, రూపాయల్లో దొరుకుతుంది, రైల్లో వస్తుంది. వంతెన కథ ఇక్కడ తెగింది.

2020 డిసెంబరు నుంచి డి6లోనే కొత్త లోతుల్లోని ఆర్ క్లస్టర్, శాటిలైట్ క్లస్టర్, ఎంజే క్షేత్రాలు ఒకదాని తరవాత ఒకటి ఉత్పత్తిలోకి వచ్చాయి. అన్నీ కలిపి రోజుకు దాదాపు మూడు కోట్ల ఘనపు మీటర్లిచ్చాయి. దాని పక్క బ్లాకులో ఓఎన్‌జీసీ 2024 జనవరిలో తొలి చమురు తీసింది. అయినా దేశం వాడే గ్యాసులో సగం దాకా బయటి నుంచే వస్తోంది.

ఒక యూరియా బస్తాలో ఎంత గ్యాసు

గ్యాస్ వాడకంలో సుమారు మూడో వంతు ఎరువులది. మిగతా దేశాలతో పోలిస్తే భారత గ్యాస్ విధానానికి ఉన్న ప్రత్యేక లక్షణం ఇదే. యూరియా తయారీలో గ్యాస్ ఇంధనమే కాదు, ముడిసరుకు కూడా. మీథేన్ నుంచి హైడ్రోజన్ తీసి, గాలిలోని నత్రజనితో కలిపి అమ్మోనియా చేస్తారు. అదే క్రమంలో బయటపడిన కార్బన్ డయాక్సైడును తిరిగి అమ్మోనియాతో కలిపితే యూరియా అవుతుంది. టన్ను యూరియాకు ఐదున్నర గిగా క్యాలరీల శక్తి పడుతుందనుకుంటే, 45 కిలోల బస్తాకు దాదాపు రెండున్నర లక్షల కిలో క్యాలరీలు. అంటే ఒకటిన్నర వంటగ్యాస్ సిలిండర్లలో ఉన్నంత వేడి. అంతర్జాతీయ బజారులో గ్యాసును కొలిచే ఎంఎంబీటీయూ లెక్కలో చూస్తే చిత్రంగా దాదాపు ఒకటి పడుతుంది: బస్తాకు ఒక ఎంఎంబీటీయూ. దిగుమతి గ్యాస్ ధర పది డాలర్లున్న రోజున ఒక్క గ్యాసు ఖర్చే బస్తాకు 850 రూపాయల పైన. రైతు కొట్లో ఇచ్చేది 266 రూపాయల 50 పైసలు. మిగతాది ఖజానా భరిస్తుంది. ఖతార్‌లోనో యూరప్‌లోనో గ్యాస్ ధర తుమ్మితే ఢిల్లీలో ఎరువుల సబ్సిడీకి జలుబు చేసేది ఇందుకే.

రామగుండం కథ ఈ విధానానికి అద్దం. సింగరేణి గనుల పక్కనే, బొగ్గు నుంచి యూరియా తీయాలని కట్టిన పాత ఎఫ్‌సీఐ కర్మాగారం 1980లో మొదలై, సాంకేతిక చిక్కులతో, నష్టాలతో 1999లో మూతపడింది. అదే చోట ఏటా 12.7 లక్షల టన్నుల సామర్థ్యంతో లేచిన కొత్త కర్మాగారాన్ని 2022 నవంబరు 12న జాతికి అంకితం చేశారు. అది నడిచేది గ్యాసు మీద. కాళ్ల కింద బొగ్గు పెట్టుకుని 363 కిలోమీటర్ల గొట్టం ద్వారా ఆంధ్రప్రదేశ్ వైపు నుంచి గ్యాసు తెప్పించుకుంటోంది. బొగ్గుతో పోలిస్తే టన్నుకు ఉద్గారం బాగా తగ్గింది. వాతావరణం వైపు నుంచి చూస్తే మన దేశంలో గ్యాస్ చేసిన నికరమైన మేలుల్లో ఇదొకటి. కరెంటు లెక్కల్లోనే వెతికేవాళ్లకు ఇది కనబడదు. అయితే యూరియాలో చేరిన కార్బన్ డయాక్సైడ్ పొలంలో చల్లిన కొద్ది రోజులకే గాలిలో కలుస్తుందన్నదీ మరవకూడదు.

ఓడల్లో వచ్చే గ్యాసు

ఖతార్‌తో 1999లో కుదిరిన పాతికేళ్ల ఒప్పందం మేరకు 2004లో గుజరాత్‌లోని దహేజ్ రేవుకు తొలి ఎల్‌ఎన్‌జీ ఓడ వచ్చింది. ఏటా 75 లక్షల టన్నుల ఆ ఒప్పందాన్ని 2024 ఫిబ్రవరిలో మరో ఇరవై ఏళ్లు, 2048 వరకు పొడిగించారు. హజీరా, దభోల్, కొచ్చి, ఎన్నూరు, ముంద్రా, ధామ్రా తరవాత వచ్చాయి. తెలుగు తీరంలో కాకినాడ, గంగవరం రేవుల పేర్లు చాలాసార్లు వినిపించినా టెర్మినల్ నిలబడలేదు.

2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఆసియా స్పాట్ ధర ఒక దశలో 50 డాలర్లు దాటింది. రష్యా నుంచి గెయిల్‌కు రావలసిన దీర్ఘకాలిక సరఫరా ఆగిపోయింది. డబ్బున్న యూరప్ దేశాలు ఓడలను తమ వైపు తిప్పుకున్నాయి. మన పరిశ్రమలు కొనుగోళ్లు తగ్గించుకున్నాయి. గుజరాత్‌లోని మోర్బీ టైల్స్ కర్మాగారాలు దీనికి చక్కని సాక్ష్యం. అక్కడ బొగ్గు గ్యాసిఫయర్లు గాలినీ నీటినీ పాడు చేస్తున్నాయని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ వాటిని మూయించింది. బట్టీలన్నీ సహజ వాయువుకు మారాయి. ధర పెరిగేసరికి వాటిలో చాలా ప్రొపేన్‌కు తిరిగాయి. కోర్టు ఉత్తర్వు బొగ్గును ఆపగలిగింది గాని, గ్యాసును నిలబెట్టడానికి ధర కూడా కలిసి రావాలి.

దేశీయ గ్యాసుకు కిరీట్ పారిఖ్ కమిటీ సిఫారసు మీద 2023 ఏప్రిల్‌లో కొత్త సూత్రం వచ్చింది. భారత్ కొనే ముడిచమురు ధరలో పది శాతం, పాత క్షేత్రాలకు నాలుగు డాలర్లకు తగ్గకుండా, మొదట్లో ఆరున్నరకు మించకుండా. లోతు సముద్రపు కష్టమైన క్షేత్రాలకు వేరే గరిష్ఠ ధర ఉంది. పన్ను విషయంలో మాత్రం గ్యాస్ ఇంకా జీఎస్‌టీ బయటే ఉంది. బొగ్గు కొన్న కర్మాగారానికి కట్టిన పన్ను జమ అవుతుంది, గ్యాస్ కొన్నవాడికి వ్యాట్ అలాగే మీద పడుతుంది. బొగ్గు మీద 2010లో టన్నుకు 50 రూపాయలతో మొదలై 400కు చేరిన సెస్సు కూడా 2025 సెప్టెంబరులో పోయింది. ఒకవైపు గ్యాస్ వాటా రెట్టింపు కావాలంటూ, మరోవైపు పన్నులను బొగ్గు పక్షాన ఉంచడం పొసగదు.

నగరాల్లో

గ్యాస్ గెలిచిన చోటు రోడ్డు. ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1998 జూలైలో ఢిల్లీ బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలంది. గడువులు జరిగాయి, బంకుల దగ్గర బారులు తీరాయి. 2002 చివరికి డీజిల్ సిటీ బస్సు ఢిల్లీ రోడ్ల మీద కనిపించకుండా పోయింది. ఆ ఉత్తర్వు వెనకున్నది భూతాపం కాదు, పిల్లల ఊపిరితిత్తులు. హైదరాబాద్, విజయవాడ, కాకినాడల్లో భాగ్యనగర్ గ్యాస్ ద్వారా సీఎన్‌జీ, పీఎన్‌జీ వచ్చాయి. ఇప్పుడు 307 భౌగోళిక ప్రాంతాలుగా దేశమంతా పంచి పంపిణీ లైసెన్సులిచ్చారు. గొట్టపు గ్యాస్ కనెక్షన్లు కోటిన్నర దాకా వచ్చాయి.

లీకైన గ్యాసు లెక్క

మీథేన్ మండితే కార్బన్ డయాక్సైడ్. మండకుండా జారిపోతే అంతకంటే చాలా చేటు. గాలిలో అది సగటున పన్నెండేళ్లే నిలుస్తుంది గాని, ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే అదే బరువు కార్బన్ డయాక్సైడు కంటే ఎనభై రెట్లకు పైగా వేడి పట్టి ఉంచుతుంది. వందేళ్ల లెక్కలో సుమారు ముప్పై రెట్లు. బావి నుంచి బర్నరు దాకా దారిలో దాదాపు మూడు శాతం పోయిందంటే, విద్యుత్తుకు బొగ్గు కంటే గ్యాస్ మేలన్న మాట దగ్గరి దశాబ్దాలకు చెల్లదు. ఎల్‌ఎన్‌జీకైతే ద్రవీకరణలోనే ఎనిమిది నుంచి పది శాతం గ్యాస్ ఖర్చవుతుంది. 2021లో గ్లాస్గో సదస్సులో వంద దేశాలకు పైగా చేరిన ప్రపంచ మీథేన్ ప్రతిజ్ఞలో భారత్ చేరలేదు. మన మీథేన్‌లో పెద్ద భాగం పశువుల నుంచీ వరిమళ్ల నుంచీ వచ్చేదే కాబట్టి చిన్న రైతు మీద భారం పడుతుందన్నది దానికి కారణం. కారణం సరైనదే. గొట్టాల లీకును కొలవడానికి, కట్టడి చేయడానికి మాత్రం ఏ రైతూ అడ్డు కాడు. నగరం గ్రామాన్ని కాల్చిందీ, ఆకాశాన్ని వేడెక్కించేదీ ఒకే లీకు. దాన్ని పట్టుకునే పరికరం ఒక్కటే.

2070 నాటికి నికర శూన్య ఉద్గారాలు, 2030 నాటికి జీడీపీ ఉద్గార తీవ్రతలో 2005 మీద 45 శాతం కోత, సగం విద్యుత్ సామర్థ్యం శిలాజేతరం: ఇవి భారత్ ఇచ్చిన మాటలు. చివరిది ఐదేళ్లు ముందే, 2025లో నెరవేరింది. నెరవేర్చింది ప్రధానంగా సౌరవిద్యుత్తు.

అయితే ఎండ దిగాక ఏం చేయాలి? సాయంత్రం ఆరు నుంచి పది దాకా డిమాండు కొండెక్కుతుంది. చల్లారిన బొగ్గు యూనిట్ లేవడానికి గంటలు పడుతుంది. గ్యాస్ టర్బైన్ అరగంటలోపే అందుకుంటుంది. 2024 ఎండల్లో మే, జూన్ నెలలకు విద్యుత్ చట్టంలోని 11వ సెక్షన్ ప్రయోగించి నిద్రపోతున్న గ్యాస్ కేంద్రాలను నడపమని కేంద్రం ఆదేశించింది. ఏడాదిలో కొన్ని వారాలు, రోజులో కొన్ని గంటలు: గ్రిడ్డులో గ్యాసుకు మిగిలిన పాత్ర ఇదే కావచ్చు. దానికీ పోటీ వచ్చింది. నంద్యాల జిల్లా పిన్నాపురంలో కట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ పగటి ఎండతో నీళ్లను పైకి తోడి రాత్రి కిందికి వదిలి కరెంటు తీస్తుంది. బ్యాటరీల ధరలూ ఏటా దిగుతున్నాయి.

గొట్టాలు మాత్రం వృథా పోవలసిన పని లేదు. పేడ, చెరకు మడ్డి, వరిగడ్డి నుంచి తీసే కంప్రెస్డ్ బయోగ్యాస్ కూడా మీథేనే. 2018లో సతత్ పథకంతో మొదలైన ఈ ప్రయత్నానికి 2025–26 నుంచి నగర గ్యాస్ సంస్థలు ఒక శాతం, 2028–29 కల్లా ఐదు శాతం కలపాలన్న నిబంధన తోడైంది. 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో ఆమోదించిన జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్, గ్యాసుతో పని లేకుండా నీటి నుంచే హైడ్రోజన్ తీయాలంటుంది. 2030కి ఏటా 50 లక్షల టన్నులు. అది చవకైన రోజున ముందుగా మారవలసింది ఎరువుల కర్మాగారమే. కాకినాడలో, డి6 గ్యాస్ ఒడ్డెక్కే చోటికి దగ్గర్లోనే, దశాబ్దాలు గ్యాస్ మీద నడిచిన యూరియా కర్మాగారం స్థలంలో ఇప్పుడు హరిత అమ్మోనియా ప్లాంటు తలపెట్టారు.